వీరేశలింగము పంతులుగారు: ఊరివారి నడుమ వాక్స్వాతంత్ర్యము

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన రాజమహేంద్రవరమున జనించిరి. నాలుగవ యేటనే తండ్రిని గోల్పోయిరి. వారి పేదతనమును, చదువును, కోరంగి ధవళేశ్వరములలోని యుపాధ్యాయత్వమును తెలుగువా రెల్లరెఱిగినవే గావున విస్తరింపను. నేను విచారింపగోరునది వేఱు. ఇరుగుపొరుగువారితో నిత్యము మెలగవలసిన మనుష్యుడు తనకు దోచిన సత్యము నెంతవఱకు పైకి జెప్పగలడు?

1874లో పంతులుగారు వివేకవర్ధనిని స్థాపించి, న్యాయస్థానములలోని లంచములను, భోగముమేళములను, కన్యాశుల్కమును ఖండింప నారంభించిరి. పేర్లు చెప్పకున్నను ఊరివారు తమతమ ముఖములను వానిలో బోల్చుకొనిరి. బ్రహ్మవివాహమను ప్రహసనమున ముసలివరునకు బాలికను గట్టబెట్టువారిని నవ్వులపాలు చేసిరి. వ్యవహారధర్మబోధినిలో ప్లీడర్ల మోసములను బయలుపెట్టిరి. ఈ రెండవ దెబ్బ మా వృత్తివారికి దగిలినదే, తగనిదని నేననజాలను. అయినను దురాచారమును నిందించుట వేఱు, దాని నాచరించిన పొరుగువానిని పదిమందిలో నగుబాటు చేయుట వేఱు. ఆ హద్దును పంతులుగారు కొన్నియెడల దాటిరనియే నా యభిప్రాయము. నొచ్చినవారు వాదమును మఱచి నొప్పినే తలచుచుందురు.

1879 ఆగష్టు 3వ తేదీన వితంతువివాహము శాస్త్రసమ్మతమని వారుపన్యసించిరి. పండితులు ప్రతివాదమునకు దిగిరి. అంతవఱకు న్యాయమే, మాటకు మాట బదులు. 1881 డిసెంబరు 11వ తేదీన గోగులపాటి శ్రీరాములుగారికిని గౌరమ్మకును పంతులుగారి యింట వివాహము జరుగగా, బదులు మాటలతో నాగలేదు. పీఠమునుండి బహిష్కారపు శ్రీముఖములు వచ్చెను. పురోహితుడు రాడు, వంటబ్రాహ్మణుడు దొరకడు, నీళ్లు దెచ్చువారు లేరు. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు మోసి, తామే వంటచేసి పెండ్లివారికి వడ్డించిరి.

ఒకని యింట భుజింపకుండుటకు ఎవనికైనను హక్కు గలదు. దానిని ధర్మశాస్త్రము నిషేధింపదు. కాని ఊరంతయు నేకమై ఒకనికి మంటను, నీటిని, మంత్రమును నిలిపివేసినపుడు అది యభిప్రాయభేదము గాదు, శిక్ష. విచారణ లేదు, అప్పీలు లేదు. దొరతనమువారి చట్టము పత్రికకే తగులును. కులము విధించు శిక్ష వంటయింటికి దగులును. భర్త పలికిన మాటకు భార్య బిందె మోయవలసివచ్చెను. అంతకంటె నెక్కువ కీడు మఱియొకటి గలదు. ఏకాంతమున పంతులుగారి పక్షమని చెప్పినవారే సభలో నోరు మెదపరైరి. విందులో గూర్చున్నవారిలో పలువురు వెలికి వెఱచి ప్రాయశ్చిత్తములు చేసికొనిరి. వారిని నేను మిక్కిలి నిందింపలేను. వారికిని పెండ్లికెదిగిన కొమార్తెలుండిరి, పితృకార్యములుండెను.

పంతులుగారు ప్రాయశ్చిత్తము చేసికొనలేదు. మొదటి వివాహమైన నాలుగు దినములకే రెండవ వితంతువివాహము జరిపించిరి. రాజ్యలక్ష్మమ్మగారు 1910లోను, పంతులుగారు 1919 మే 27వ తేదీన చెన్నపట్టణమునను కాలధర్మము నొందిరి.