మంచు తీరమున హాన్స్ ఎగెడే

రాయపురం శంకర్ నగర్‌లో వైశాఖపు మధ్యాహ్నమున కూలరు ఎదుట కూర్చుండి ఈ పుటలు తెరచు తెలుగు కుటుంబీకునికి, నడివేసవిలో సైతము సముద్రముపై మంచుకొండలు తేలియాడు దేశమును ఊహించుట కష్టము. గ్రీన్లాండు అట్టి దేశము. దాని విస్తీర్ణము దాదాపు 21 లక్షల 66 వేల చదరపు కిలోమీటర్లు. అనగా మన భారతదేశములో సుమారు మూడింట రెండు వంతులు. అందులో ఐదింట నాలుగు వంతుల నేల మంచుపొర క్రింద నున్నది. నడిబొడ్డున ఆ మంచు మందము మూడు కిలోమీటర్లు మించును. మనుష్యులు బ్రతుకుటకు మిగిలినది తీరపు అంచు మాత్రమే. 1721 జూలై 3వ తేదీన ఆ అంచున భార్యాబిడ్డలతో దిగిన లూథరను పాదిరి హాన్స్ ఎగెడే. పదిహేనేండ్లు అక్కడ గడపి, తన ప్రయాసమంతయు వ్యర్థమేమో అను భారముతో ఆయన తిరిగి వచ్చెను. గ్రీన్లాండు అపొస్తలుడని సంఘము ఆయనకు పేరు పెట్టినది ఆ తరువాతనే.

ఆయన 1686 జనవరి 31న నార్వే ఉత్తర భాగమందలి హార్స్టాడ్‌లో జన్మించెను. ఆ ఊరు ధ్రువవృత్తమునకు ఉత్తరమున నున్నది గనుక చలికాలమున కొన్ని వారములు అచ్చట సూర్యుడు ఉదయింపనే ఉదయింపడు. చీకటియు చలియు ఆయనకు పుట్టుకతోనే పరిచయములు. కోపెన్‌హేగెన్‌లో వేదాంతవిద్య త్వరగా ముగించి, 1707లో అభిషేకము పొంది, లోఫోటెన్ దీవులలోని వోగన్ అను జాలరుల సంఘమునకు కాపరిగా నియమింపబడెను. ఆ యేటనే గెర్ట్రూడ్ రాస్క్‌ను వివాహమాడెను. ఆమె ఆయనకంటె పదమూడేండ్లు పెద్దది. ఆమెను గూర్చి చెప్పవలసినది ముందున్నది.

అచ్చట నుండగా పాత చరిత్రలలో చదివిన ఒక సంగతి ఆయన మనస్సును పట్టుకొనెను. పదవ శతాబ్దపు చివరి భాగమున ఎర్ర ఎరిక్ నాయకత్వమున నార్సు జనులు గ్రీన్లాండునకు వలసపోయిరి. అచ్చట క్రైస్తవ సంఘములు వెలసెను, బిషపు కూడ నుండెను. 1408లో హ్వాల్సే దేవాలయమున జరిగిన ఒక వివాహపు నమోదు తరువాత వారిని గూర్చి ఏ కబురును లేదు. ఆ క్రైస్తవుల సంతతి ఇంకను బ్రతికియున్నదా? మూడు వందల యేండ్లుగా వారికి వాక్యము బోధించువారెవరు? దినసరి చేపల లెక్కలు చూచుకొను సంఘమున నున్న యువకునికి ఈ ప్రశ్న నిద్ర లేకుండ చేసెను. 1710లో ఆయన బిషపులకు విన్నపములు వ్రాసెను. బంధువులు పిచ్చితనమనిరి. గెర్ట్రూడ్ కూడ మొదట ఒప్పుకొనలేదు. చిన్నబిడ్డలతో అట్టి దేశమునకు పోవుటకు ఏ తల్లి వెంటనే సమ్మతించును? ఏండ్లు గడచెను, సంఘములో చికాకులు పెరిగెను, ఆమె ఈ విషయమును ప్రార్థనలో నుంచెను. తుదకు సమ్మతించిన పిదప ఆమె వెనుకకు తిరిగి చూడలేదు. 1718లో ఆయన కాపరి ఉద్యోగము వదలుకొని కుటుంబముతో బెర్గెన్ రేవునకు చేరెను. ఉత్తర యూరపు యుద్ధము 1720లో సద్దుమణిగిన పిమ్మట బెర్గెన్ వర్తకులు ఒక కంపెనీ నెలకొల్పిరి. రాజు ఫ్రెడరిక్ నాల్గవవాడు అనుమతి నిచ్చెను.

తెలుగు పాఠకులకు ఈ రాజు కొత్తవాడు కాడు. 1705లో త్జీగెన్బాల్గును, ప్లూట్షౌను తరంగంబాడికి పంపినవాడు ఇతడే. 1714లో కోపెన్‌హేగెన్‌లో ఏర్పడిన మిషను కాలేజీ అను పాలకసభ ఒక చేతితో తరంగంబాడిని, మరియొక చేతితో గ్రీన్లాండును పోషించెను. 1719లో ఆ తరంగంబాడికే వచ్చి, తరువాత మద్రాసులో తెలుగు నేర్చి పరిశుద్ధ గ్రంథమును తెలుగులోనికి అనువదించిన బెంజమిన్ షుల్జ్ ఎగెడేకు సమకాలికుడు. ఒకరు తాటాకుల దేశమున, మరియొకరు చెట్టే లేని దేశమున, ఒకే కాలమున అక్షరములతో పోరాడుచుండిరి.

హోబెట్, అనగా నిరీక్షణ, అను ఓడ 1721 మే నెల ఆరంభమున బెర్గెన్ విడిచెను. రెండు నెలలు మంచులో చిక్కుకొనుచు, విడివడుచు, నేటి నూక్ పట్టణపు సమీపమున కాంగెక్ దీవిని చేరెను. ఎగెడే తీరమున దిగి నార్సు జనుల కొరకు వెదకెను. ఒక్కరును కానరాలేదు. 1723లో దక్షిణమునకు ప్రయాణమై హ్వాల్సే దేవాలయపు రాతిగోడలను చూచెను. కప్పు లేదు, ప్రార్థించువారు లేరు. తాను వెదకు తూర్పు వలసగ్రామములు గ్రీన్లాండు తూర్పు తీరమున నుండునని ఆ కాలపు వారందరివలె ఆయనయు నమ్మెను. వాస్తవమునకు పేరు తూర్పే గాని ఆ గ్రామములు నైరుతి తీరముననే యుండెను. ఆయన నిలిచిన శిథిలములే అవి. ఆ సంగతి తెలియకనే ఆయన మరలెను.

ఎవరి కొరకు వచ్చెనో వారు లేరు. ఎవరిని తలంపలేదో వారు ఎదుట నిలిచిరి. వారు ఇన్యూట్ జనులు. ఆ నేలలో వారి జీవనము చూచినవారికి ఆశ్చర్యము కలుగక మానదు. చెట్లు లేని దేశము గనుక సముద్రప్రవాహములు మోసికొని వచ్చు కొయ్యదుంగలే వారికి కలప. ఆ కొయ్యతో చట్రము కట్టి, దానికి సీలు తోలు బిగించి, ఒక్కడు మాత్రమే కూర్చుండు కయాకు పడవను చేయుదురు. వేటగాడు తోలు చొక్కా అంచును పడవ నోటికి బిగించికొనిన యెడల అల మీదపడినను నీరు లోపలికి రాదు. బల్లెమునకు త్రాడు, త్రాటికి గాలి నింపిన తోలుసంచి కట్టుదురు. దెబ్బతిన్న సీలు మునిగినను ఆ సంచి దాని జాడ చెప్పును. కుటుంబమంతయు ప్రయాణము చేయునప్పుడు ఉమియాకు అను పెద్ద తోలుపడవను స్త్రీలు తెడ్లతో నడిపింతురు. చలికాలమున రాతితోను మట్టిగడ్డలతోను కట్టిన పొడవైన యిండ్లలో అనేక కుటుంబములు కలిసి యుండును. వేసవిలో తోలు గుడారములు. బలపపు రాతిని తొలిచిన ప్రమిదలో సీలు క్రొవ్వు పోసి, నాచుతో వత్తి పెట్టి వెలిగింతురు. వెలుగు అదే, వంటపొయ్యి అదే, తడిబట్టలు ఆరవేయుట కూడ దాని మీదనే. ఆ ప్రమిదను కనిపెట్టుకొనియుండుట గృహిణి పని. అది ఆరిన యిల్లు ఇల్లు కాదు.

సీలు, వాల్రస్, తిమింగలము, రెయిన్‌డీరు, సముద్రపక్షులు, ఎండబెట్టిన చిన్నచేపలు వారి ఆహారము. యూరపు నుండి వచ్చినవారు ఉప్పుమాంసము, ఎండు రొట్టె తినుచు స్కర్వీ రోగమున పండ్లూడి చచ్చుచుండగా, పచ్చిమాంసమును, తిమింగలపు చర్మమును తిను ఇన్యూట్ జనులకు ఆ రోగము సోకలేదు. తగవులు వచ్చినయెడల ఇరువురు డప్పు పట్టుకొని జనుల ఎదుట ఒకరిపై ఒకరు ఎగతాళి పాటలు పాడుదురు; నవ్వు ఎవరి వైపు పోవునో తీర్పు ఆ వైపే. సముద్రపు అడుగున ఒక తల్లి యున్నదనియు, మనుష్యులు కట్టుబాట్లు మీరినప్పుడు ఆ మురికి ఆమె తలవెండ్రుకలలో చిక్కుపడుననియు, అప్పుడు ఆమె మృగములను దాచిపెట్టుననియు వారు నమ్మిరి. అంగక్కొక్ అనబడు ఆత్మల మధ్యవర్తి ఆమె యొద్దకు పోయి ఆ జుట్టు దువ్వవలెను.

ఎగెడే వారి భాష నేర్చుటకు కూర్చుండెను. అది తేలికైన భాష కాదు. ఒక్క మాటకు తోక మీద తోక చేర్చి వాక్యమంత పొడవు చేయుదురు. తండ్రి కంటె కుమారులు పౌల్, నీల్స్ త్వరగా నేర్చిరి, ఏలయనగా వారు ఆ పిల్లలతో ఆడుకొనిరి. పౌల్ బైబిలు కథలకు బొమ్మలు గీయగా తండ్రి వాటిని చూపుచు బోధించెను. ప్రభువు నేర్పిన ప్రార్థనలో రొట్టె అనుచోట చిక్కు వచ్చెను. రొట్టె ఎరుగని జనులకు దానినెట్లు చెప్పుట? అనుదిన సీలు అని ఎగెడే అనువదించెనను కథ లోకమంతట ప్రచారములో నున్నది గాని అది నిజము కాదు. 1724లో ఆయన మామక్ అను మాట వాడెను. ఆహారమని ఆయన తలంచెను గాని దాని అర్థము ఎంత రుచి అని! మరుసటి సంవత్సరమే తిమియుసక్ అను మాటను వ్రాసికొనెను. తరువాత సువార్తల అనువాదమున అదియే నిలిచెను. మన తెలుగు అనువాదకులు రొట్టెను విడిచి అనుదినాహారము అని వ్రాసి ఈ చిక్కును ఎంత సులువుగా దాటిరో ఇచ్చట గమనింపవచ్చును.

మొదటి చలికాలము గడచునప్పటికి ఆహారము తగ్గెను. 1722 వేసవిలో రావలసిన ఓడ రాలేదు. వెంట వచ్చినవారందరు స్వదేశమునకు పోవుదమని పట్టుబట్టిరి. ఎగెడే మనస్సు సైతము సడలెను. గెర్ట్రూడ్ మాత్రము సామాను కట్టుటకు నిరాకరించి, ఓడ తప్పక వచ్చునని చెప్పి, తొందరపడినవారిని మందలించెను. జూన్ నెలలో ఓడ వచ్చెను. గ్రీన్లాండు మిషను ఆమె మొండితనముపై నిలిచినదనిన అతిశయోక్తి కాదు.

ఎగెడే నడతలో దాచరాని లోపమొకటి యుండెను. అంగక్కొకులను ఆయన మోసగాండ్రుగా ఎంచి, వారితో కఠినముగా వ్యవహరించెను. కొందరిని కొట్టెను కూడ. ఆ సంగతి ఆయన స్వయముగా వ్రాసికొనిన గ్రంథములలోనే కనబడుచున్నది. వారి పాటలు, డప్పు, నమ్మకములు అన్నియు ఆయన దృష్టికి చీకటియే. అయినను ఆ ఆచారములను, పనిముట్లను, మృగములను శ్రద్ధగా చూచి వ్రాసినవాడును ఆయనే. 1729లో ఆయన గ్రీన్లాండు వర్ణన గ్రంథము వెలువడెను. విస్తరించిన ప్రతి 1741లో వచ్చెను.

1724లో పోక్, కిపెరోక్ అను ఇద్దరు గ్రీన్లాండు పురుషులు ఓడలో కోపెన్‌హేగెన్ చూడబోయిరి. తిరుగు దారిలో కిపెరోక్ బెర్గెన్‌లో మరణించెను. పోక్ మాత్రము ఇల్లు చేరి తాను చూచిన గుర్రములను, మేడలను స్వజనులకు వర్ణించెను.

వర్తకము లాభింపక 1727లో బెర్గెన్ కంపెనీ మూతపడెను. 1728లో రాజు మేజరు పార్స్ అను అధికారితో సైనికులను, ఖైదీలను, మంచుపై స్వారీ చేయుటకని గుర్రములను సైతము పంపెను! స్థావరము దీవి నుండి ప్రధాన భూమికి మారి గోడ్తోబ్, అనగా శుభనిరీక్షణ, అను పేరు పొందెను. అదే నేటి నూక్. గుర్రములు చచ్చెను, స్కర్వీచే మనుష్యులు అనేకులు చచ్చిరి, మిగిలినవారు తిరుగుబాటునకు లేచిరి. ఆ కాలముననే షుల్జ్ మద్రాసులో పని చేయుచుండెను.

1730లో ఫ్రెడరిక్ రాజు మరణించెను. మరుసటి యేట కొత్త రాజు క్రిస్టియన్ ఆరవవాడు యూరపువారందరు గ్రీన్లాండు విడిచి రావలెనని ఆజ్ఞ పంపెను. ఎగెడే కొద్దిమందితో నిలిచిపోయెను. 1733లో ఓడ వచ్చినప్పుడు దానితో రెండు వచ్చెను. ఒకటి, హెర్న్‌హుట్ నుండి మొరేవియను సోదరులు ముగ్గురు. 1731లో కోపెన్‌హేగెన్‌లో గ్రీన్లాండు వారిని చూచి జింజెండార్ఫ్ ప్రభువునకు కలిగిన భారమే వారిని పంపెను. రెండవది మశూచి. డెన్మార్కు నుండి తిరిగి వచ్చిన ఒక గ్రీన్లాండు బాలునితో ఆ రోగము తీరమున దిగెను.

అంతకుముందు ఆ నేలను తాకని రోగము అది. ఇండ్లకు ఇండ్లు ఖాళీయాయెను, ప్రమిదలు ఆరెను, ఆకలిగొన్న కుక్కలు మాత్రము తిరుగుచుండెను. ఎగెడే ఇంటింటికి పోయి మరణించువారి ప్రక్కన కూర్చుండెను. గెర్ట్రూడ్ రోగులను తన ఇంటికే చేర్చి సేవ చేసెను. ఆ సంవత్సరములలో ఆయన ప్రసంగముల కంటె ఆ ఇల్లే జనుల హృదయములను తాకెను. ఆ శ్రమ ఆమెను నలుగగొట్టెను. 1735 డిసెంబరు 21న, పగలు నాలుగు గంటలు మాత్రముండు రోజులలో, ఆమె కన్ను మూసెను.

ఎగెడే విరిగిపోయెను. మొరేవియను సోదరులతో సిద్ధాంత విషయమై వాదములు కూడ ఆయనను అలసట పెట్టెను. 1736 జూలై 29న ఆయన వీడ్కోలు ప్రసంగము చేసెను. దానికి ఎన్నుకొనిన వాక్యము యెషయా 49వ అధ్యాయము 4వ వచనము. ఆ వచనము ఏదో పాఠకులు తెరచి చూచిన యెడల ఆ దినమున ఆయన హృదయస్థితి తెలియును. అచ్చట పని చేయుటకు పెద్దకుమారుడు పౌల్‌ను విడిచి, ఆగస్టు 9న నీల్స్‌తోను, ఇద్దరు కుమార్తెలతోను, భార్య శవపేటికతోను ఓడ యెక్కెను. ఆమెను కోపెన్‌హేగెన్‌లో సమాధి చేసిరి.

ఆ నగరమున ఆయన గ్రీన్లాండు పనివారిని తర్ఫీదు చేయు పాఠశాలను నడిపెను. 1740లో గ్రీన్లాండు బిషపుగా నియమింపబడెను. 1747లో ఆ భాషలో ఆయన ప్రశ్నోత్తరి వెలువడెను. 1758 నవంబరు 5న డెన్మార్కులోని ఫాల్స్టర్ దీవిలో స్టుబ్బెకోబింగ్ ఊర ఆయన మరణించెను. అప్పటికి పౌల్ 1744లో నాలుగు సువార్తలను, 1750లో గ్రీన్లాండు భాషా నిఘంటువును ముద్రింపజేసియుండెను. క్రొత్త నిబంధన 1766లో పూర్తియాయెను. పిల్లలతో ఆడుకొనిన బాలుని పని అది. షుల్జ్ తెలుగు బైబిలు అనువాదము మాత్రము అచ్చునకు నోచుకొనలేదు. 1746, 1747 సంవత్సరములలో జర్మనీలోని హాలేలో ఆయన కొన్ని చిన్న తెలుగు గ్రంథములను అచ్చువేయించెను.

నూక్ పట్టణమున సముద్రమునకు ఎదురుగా గుట్టమీద ఎగెడే విగ్రహమున్నది. 2020 జూన్‌లో ఎవరో రాత్రివేళ దానిపై ఎర్రరంగు పోసిరి. అన్యపాలనకు, తమ పూర్వుల డప్పును నోరు మూయించుటకు ఆయనయే ఆరంభమని అనేక గ్రీన్లాండు యువకుల బాధ. అదే ప్రజలలో అత్యధికులు నేడును లూథరను సంఘస్థులే. పురపాలక సంఘము ప్రజాభిప్రాయము కోరగా 921 మంది విగ్రహము ఉండవలెననియు, 600 మంది తీసివేయవలెననియు తెలిపిరి. విగ్రహము అచ్చటనే నిలిచియున్నది.