రాకెట్ బండి ఎక్కిన డాక్టరు

ఈసారి నేను జాన్ పాల్ స్టాప్ గారి గురించి రాస్తున్నాను. అమెరికా డాక్టరు. రోడ్డు మీద మనుషులు చావకూడదని తన ఒంటినే పరీక్షకు పెట్టాడు.

ఆయన 1910 జూలై 11న బ్రెజిల్ దేశంలో బహియాలో పుట్టాడు. తల్లిదండ్రులు మిషనరీలు. కాలేజీలో చదివేటప్పుడు చుట్టాలింట్లో ఒక పసిబిడ్డ మంటల్లో కాలింది. ఈయన పక్కనే ఉండి సేవ చేశాడు గానీ బిడ్డ దక్కలేదు. అప్పుడే డాక్టరు కావాలనుకున్నాడు. 1944లో అయ్యాడు, సైన్యంలో చేరాడు.

విమానం కూలినప్పుడు లోపలున్న మనిషి ఎంత దెబ్బకు తట్టుకుంటాడు? 18 రెట్ల బరువు పడితే బతకడని అందరూ నమ్మేవారు. స్టాప్ నమ్మలేదు. 1947లో కాలిఫోర్నియా ఎడారిలో పట్టాల మీద రాకెట్లతో నడిచే బండి తయారైంది. ముందు బొమ్మను కూర్చోబెట్టి చూశారు, తర్వాత ఆయనే ఎక్కాడు. ఒకసారి కాదు, 29 సార్లు! పక్కటెముకలు విరిగాయి, మణికట్టు రెండుసార్లు విరిగింది. అయినా సాయంత్రం పూట అక్కడి సైనికుల ఇళ్ళకు పోయి పిల్లలకు, ఆడవాళ్ళకు ఉచితంగా వైద్యం చేసేవాడు. నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

చివరిసారి 1954 డిసెంబరు 10న, న్యూమెక్సికోలో. కళ్ళు పోతాయేమోనని ముందుగానే చీకట్లో బట్టలు వేసుకోవడం నేర్చుకున్నాడంట. (మనకు కరెంటు పోయినప్పుడు అలవాటే!) బండి 5 సెకన్లలో గంటకు 1017 కిలోమీటర్ల వేగం అందుకుంది. 1.4 సెకన్లలో ఆగిపోయింది. 46 రెట్ల బరువు మీద పడింది. నా బరువు 38 కిలోలు, అంటే నా మీద 1748 కిలోలు పడ్డట్టు. కళ్ళ నిండా రక్తం, ఏమీ కనపడలేదు. తర్వాత చూపు వచ్చింది. గట్టిగా బెల్టులు కట్టి ఉంచారు కాబట్టే బతికాడు.

విమానాలు కూలి చనిపోయేవాళ్ళ లెక్క పక్కన కారు ప్రమాదాల లెక్క పెట్టి చూస్తే, రోడ్డు కూడా తక్కువ మందిని తినడం లేదు. అందుకని కార్లను కూడా గుద్దించి చూపించాడు. 1955లో దీని మీద సభ పెట్టాడు. సైన్యం పని వదిలి కార్లెందుకని పైవాళ్ళు కోప్పడ్డారు. ఆయన మానలేదు. 1966లో ప్రెసిడెంట్ జాన్సన్ కార్ల భద్రత చట్టం మీద సంతకం పెడుతుంటే స్టాప్ అక్కడే ఉన్నాడు.

మా ఊరి సంత జీపులో 20 మంది ఎక్కుతారు, నలుగురు వెనక వేలాడతారు. బెల్టు ఊసే లేదు. ఆ జీపు స్తంభానికి తగిలితే ఏమిటని నేను ఆలోచిస్తాను.

స్తంభం సంగతి కూడా చెప్పాలి. ఇది స్టాప్ చేసింది కాదు. రోడ్డు పక్క బోర్డుల స్తంభం గట్టిగా ఉంటే కారు టక్కున ఆగుతుంది, లోపలివాళ్ళకు అదే చావు. అందుకని 1960లలో టెక్సాస్ వాళ్ళు స్తంభం అడుగున రెండు రేకులు పెట్టి బోల్టులు బిగించారు. కారు గుద్దితే రేకులు జారి స్తంభం ఊడి పైకి లేస్తుంది, కారు కింద నుంచి పోతుంది. నిజం కార్లతో గుద్దించే చూశారు.

స్టాప్ గారు 1999 నవంబరు 13న తన 89వ ఏట ఆలమగోర్డో ఊరిలో చనిపోయాడు. ఆయన మొదలుపెట్టిన సభ ఇప్పటికీ ఆయన పేరుతోనే జరుగుతోంది.

— 9వ తరగతి