కమ్మరి ఇంట పుట్టిన వెలుగు – మైకేల్ ఫారడే

మంగళవారం, శనివారం కొండగట్టు స్టేజీ దగ్గర బస్సెక్కిన వారికి ఆ రద్దీ సంగతి చెప్పనక్కర లేదు. అంజన్న దర్శనం చేసుకుని దిగిన జనమంతా ఒక్కసారే జగిత్యాల బస్సుకో, కరీంనగర్ బస్సుకో ఎగబడతారు. ఆ జనం నడుమ దారి చేసుకుంటూ కండక్టరు టికెట్లు కొడుతుంటాడు. మేము హాస్టల్లో ఉన్న రోజుల్లో కండక్టరు చేతిలో రంగురంగుల టికెట్ల కట్టలు, పంచింగ్ మిషను ఉండేవి. తర్వాత కాగితం ముద్రించి ఇచ్చే చిన్న టికెట్ మిషను వచ్చింది. 2017 నవంబరు 28న హైదరాబాద్ మెట్రో రైలు ప్రారంభమైనాక టికెట్ చించే పని కూడా లేని పద్ధతిని మనవాళ్లు చూశారు. పర్సులో పట్టే కార్డును గేటు దగ్గర పెట్టగానే తలుపు తెరుచుకుంటుంది. దిగిన స్టేషన్లో మళ్లీ కార్డు చూపిస్తే, ప్రయాణించిన దూరానికి తగిన చార్జీ కార్డులోంచి కోతపడుతుంది.

ఆ కార్డుకు వైరు లేదు, లోపల బ్యాటరీ లేదు. మరి పనిచేయడానికి దానికి కరెంటు ఎక్కడిది? ఈ ప్రశ్నకు జవాబు దాదాపు రెండు వందల ఏళ్ల కిందటే ఒక కమ్మరి కొడుకు కనిపెట్టాడు. ఆయన పేరు మైకేల్ ఫారడే. మన హాస్టల్ తమ్ముళ్లు ఆయన కథ తప్పకుండా తెలుసుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ శివారులోని న్యూయింగ్టన్ బట్స్ అనే చోట పుట్టాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. అనారోగ్యం వల్ల తండ్రి కొలిమి దగ్గర ఎక్కువ రోజులు నిలబడలేకపోయేవాడు. నలుగురు పిల్లలున్న ఆ ఇంట్లో తిండికి కరువే. ఒక్క రొట్టెతో వారమంతా గడుపుకోవలసిన రోజులు కూడా మైకేల్ చూశాడు. చదవడం, రాయడం, కొద్దిపాటి లెక్కలు తప్ప బడి చదువు ఆయనకు దక్కలేదు.

పదమూడేళ్ల వయసులో రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పనికి చేరాడు. వార్తాపత్రికలు ఇంటింటికీ తీసుకుపోయి ఇవ్వడం మొదటి పని. మరుసటి ఏడు అదే దుకాణంలో బైండింగ్ పని నేర్చుకోవడానికి ఏడేళ్ల ఒప్పందం మీద కుదిరాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలను కుట్టి పక్కన పెట్టకుండా చదవడం మొదలుపెట్టాడు. విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు గురించిన భాగం, జేన్ మార్సెట్ అనే ఆమె రాసిన రసాయన శాస్త్ర పుస్తకం ఆయన మనసును పట్టుకున్నాయి. దొరికిన సామాన్లతో చిన్న చిన్న ప్రయోగాలు చేశాడు. ఊళ్లో విజ్ఞాన ఉపన్యాసాలు జరిగేవి కానీ ఒక్కోదానికి ఒక షిల్లింగు కట్టాలి. ఆ డబ్బు కమ్మరి పని చేసుకునే అన్న రాబర్ట్ ఇచ్చేవాడు. తాను చదువుకోలేకపోయినా తమ్ముడిని చదివించే అన్నలు మన ఇళ్లలోనూ ఉన్నారు కదా!

1812లో ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది ఒక టికెట్టే. దుకాణానికి వచ్చే డాన్స్ అనే పెద్దమనిషి, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ ఇచ్చే ఉపన్యాసాలకు ఫారడేకు టికెట్లు ఇప్పించాడు. డేవీ ఆనాటి పేరుమోసిన రసాయన శాస్త్రవేత్త. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విని, ప్రతి విషయాన్నీ బొమ్మలతో సహా రాసుకుని, తన చేత్తో బైండింగ్ చేసి ఆ పుస్తకాన్ని డేవీకి పంపాడు. వెంటనే ఉద్యోగం రాలేదు. కొన్నాళ్లకు ప్రయోగశాలలో సహాయకుడి స్థానం ఖాళీ అయితే డేవీకి ఈ కుర్రవాడు గుర్తొచ్చాడు. 1813 మార్చి 1న ఫారడే ఆ పనిలో చేరాడు.

అదే ఏడాది డేవీ దంపతులతో కలిసి యూరప్ యాత్రకు బయలుదేరాడు. డేవీ పనివాడు రానని మొండికేయడంతో ఆ చాకిరీ కూడా ఫారడే మీదే పడింది. డేవీ భార్య ఆయనను నౌకరుగానే చూసింది. భోజనం కూడా నౌకర్లతోనే. ఆ అవమానం తట్టుకోలేక అన్నీ వదిలి ఇంటికి పోదామని ఎన్నోసార్లు అనుకున్నాడు. కానీ ఆ యాత్రలోనే వోల్టా, ఆంపియర్ వంటి మహామహులను చూశాడు, ప్రయోగాలు నేర్చుకున్నాడు. 1815లో తిరిగి వచ్చేనాటికి ఆయన వెనకటి బైండింగ్ కుర్రాడు కాడు.

1821లో విద్యుత్తుతో తీగ అయస్కాంతం చుట్టూ తిరిగేట్టు చేశాడు. నేటి మోటారుకు అదే మొదటి రూపం. ఆ పేరు దక్కిందో లేదో, వేరొకరి ఆలోచనను కాజేశాడన్న నింద మీద పడింది. 1824లో రాయల్ సొసైటీ సభ్యత్వానికి ఆయన పేరు వచ్చినప్పుడు దానిని వ్యతిరేకించింది ఎవరో కాదు, ఆ సంస్థ అధ్యక్షుడు డేవీయే. అయినా సభ్యులు ఫారడేను ఎన్నుకున్నారు. తనను పైకి తెచ్చిన గురువును మాత్రం ఆయన ఏనాడూ తూలనాడలేదు.

1831 ఆగస్టు 29 చరిత్రలో నిలిచిపోయే రోజు. ఒక ఇనుప కడియానికి రెండు పక్కలా విడివిడిగా రాగితీగ చుట్టలు చుట్టాడు. ఒక చుట్టను బ్యాటరీకి కలపగానే, దానితో ఏ సంబంధమూ లేని రెండో చుట్ట దగ్గర పెట్టిన సూది కదిలింది. తర్వాత ఆగిపోయింది. బ్యాటరీ తీసేయగానే మళ్లీ కదిలింది. కరెంటు నిలకడగా పారుతున్నంతసేపూ ఏమీ లేదు. అయస్కాంత క్షేత్రం మారుతున్నప్పుడు మాత్రమే పక్క తీగలో విద్యుత్తు పుడుతుందని ఆయనకు అర్థమైంది. దీనినే మనం విద్యుదయస్కాంత ప్రేరణ అని పదో తరగతిలో చదువుకుంటాం. జనరేటరు, ట్రాన్స్‌ఫార్మరు రెండూ దీని మీదే నడుస్తాయి.

ఇప్పుడు మెట్రో కార్డు సంగతి చూద్దాం. కార్డు అంచుల వెంట లోపల సన్నని తీగచుట్ట ఉంటుంది, దానికి ఒక చిప్పు అతికి ఉంటుంది. గేటులో మరో తీగచుట్ట ఉంటుంది. అందులో సెకనుకు 1 కోటి 35 లక్షల 60 వేల ఆవర్తనాలతో కరెంటు దిశ మారుతుంటుంది. దాంతో చుట్టూ అయస్కాంత క్షేత్రం కూడా అలాగే మారుతుంటుంది. కార్డును కొద్ది సెంటీమీటర్ల దూరానికి తేగానే దాని తీగలో విద్యుత్తు పుట్టి చిప్పు మేల్కొంటుంది. కార్డు, గేటు రహస్య సంకేతాలతో ఒకదానినొకటి గుర్తుపట్టి, ఎక్కిన స్టేషన్, మిగిలిన డబ్బు లెక్క రాసుకుంటాయి. ఇదంతా సెకను కూడా పట్టదు. ఫారడే ఇనుప కడియం మీద ఉన్న రెండు చుట్టల్లో ఒకటి గేటులోకి, ఇంకొకటి మన జేబులోకి వచ్చాయన్నమాట. మధ్యలో కడియం లేదు, గాలే ఉంది.

ఫారడేకు పెద్ద లెక్కలు రావు. ఆయన రాతల్లో సమీకరణాలు కనబడవు. అయస్కాంతం చుట్టూ బలరేఖలు ఉన్నట్టు మనసులో చూసి, ప్రయోగంతో రుజువు చేసేవాడు. ఆ ఊహలకు గణిత రూపం ఇచ్చినవాడు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. లెక్కలు రానంత మాత్రాన సైన్సు మనది కాదని వెనక్కి తగ్గే తమ్ముళ్లు ఇది గుర్తుంచుకోవాలి. అలాగని లెక్కలు మానేయమని కాదు. తనకు లెక్కలు రానందుకు ఫారడే కూడా బాధపడ్డాడు.

పేరు వచ్చాక కూడా ఆయన మారలేదు. సర్ బిరుదు వద్దన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని రెండుసార్లు కాదన్నాడు. పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు మాత్రం 1827 నుంచి 1860 వరకు 19 ఏడాదులు ఇచ్చాడు. ఉపన్యాసానికి కట్టే డబ్బు కోసం అన్న మీద ఆధారపడ్డ రోజులు ఆయనకు గుర్తున్నాయి కాబోలు. చివరి కాలంలో జ్ఞాపకశక్తి తగ్గి చాలా ఇబ్బంది పడ్డాడు. 1867 ఆగస్టు 25న కన్నుమూశాడు. రాజుల పక్కన సమాధి వద్దని ముందే చెప్పినందున హైగేట్ శ్మశానంలో సాదాగా ఖననం చేశారు.

ఆయన పుట్టిన చోటుకు దగ్గరలో, ఎలిఫెంట్ అండ్ కాజిల్ కూడలిలో 1961లో ఆయన పేరిట ఒక స్మారకం కట్టారు. బయటికి మెరిసే ఉక్కు పెట్టెలా కనిపిస్తుంది. లోపల ఉన్నది లండన్ భూగర్భ రైళ్లకు కరెంటు ఇచ్చే సబ్‌స్టేషన్. 2003 నుంచి ఆ రైళ్లలో కూడా ఆయిస్టర్ అనే కార్డు చూపించే ప్రయాణం చేస్తున్నారు. రైలు నడిచేదీ ఆయన సూత్రంతోనే, చార్జీ తీసుకునేదీ ఆయన సూత్రంతోనే.

తమ్ముళ్లారా, కొండగట్టు పక్కనే నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. మన హాస్టల్ కిటికీ నుంచి ఆ కాలేజీ తరగతి గదికి దూరం చాలా ఎక్కువనిపిస్తుంది. బైండింగ్ దుకాణం నుంచి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌కు ఉన్న దూరం అంతకంటే ఎక్కువ. దానిని ఫారడే దాటింది విన్న ప్రతి పాఠాన్నీ శ్రద్ధగా రాసుకున్న ఒక నోటుబుక్కుతో. ఎవరైనా మనకు ఒక టికెట్ ఇప్పిస్తే అదృష్టమే. దానితో లోపలికి వెళ్లాక ఏం చేశామన్నది మాత్రం మన చేతుల్లోనే ఉంది. రేపు మీరు ఏ గేటు ముందైనా కార్డు పెట్టినప్పుడు ఆ కమ్మరి కొడుకును ఒక్కసారి తలుచుకోండి. తిరిగి హాస్టల్‌కు వచ్చి మీ నోటుబుక్కు తెరవండి.