ఎ.పి.జె. అబ్దుల్ కలామ్ - మిశ్రమ పదార్థాల కృషి

అవుల్ పకీర్ జైనులబ్దీన్ అబ్దుల్ కలామ్ (అక్టోబర్ 15, 1931 - జూలై 27, 2015) భారతీయ శాస్త్రవేత్త, భారతదేశ 11వ రాష్ట్రపతి (2002-2007). క్షిపణుల నిర్మాతగా ప్రసిద్ధి చెందిన ఈయన నారలతో బలపరచిన మిశ్రమ పదార్థాలపై కూడా విశేష కృషి చేశారు. ఆ కృషి రాకెట్లతో మొదలై, హైదరాబాదులోని పంజాగుట్టలో పోలియో బాలల వరకు సాగింది.

తొలి జీవితం

కలామ్ తమిళనాడులోని రామేశ్వరంలో జన్మించారు. మద్రాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో విమాన ఇంజనీరింగు చదివి, 1958లో రక్షణ పరిశోధనా రంగంలో ప్రవేశించారు.

రాకెట్ భాగాలు

కలామ్ ఇస్రోలో ఎస్.ఎల్.వి.-3 రాకెట్ నాలుగవ దశ రూపకల్పనకు, ఆ తరువాత మొత్తం ప్రాజెక్టుకు నాయకత్వం వహించారు. ఈ దశ తన అక్షం చుట్టూ తిరుగుతూ స్థిరత్వం పొందుతుంది. తిరిగే వస్తువు వేగం రెట్టింపైతే దానిని చీల్చే బలం నాలుగు రెట్లవుతుంది. వస్తువు బరువు తగ్గితే ఆ బలమూ తగ్గుతుంది. పై దశలో తగ్గిన బరువు ఉపగ్రహానికి కూడా కలిసివస్తుంది. అందువలన దాని కవచాన్ని లోహంతో కాక, నారలను జిగురులో బిగించిన ప్లాస్టిక్‌తో నిర్మించారు. 1979 ఆగస్టు 10న జరిగిన తొలి ప్రయోగం విఫలమైంది. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరింది.

హైదరాబాదులో

1982లో ఆయన హైదరాబాదులోని రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాలకు డైరెక్టరుగా వచ్చారు. 1989 మే 22న తొలిసారి ప్రయోగించిన అగ్ని క్షిపణికి, వాతావరణంలోకి తిరిగి వచ్చేటప్పుడు పుట్టే తీవ్రమైన వేడిని తట్టుకొనే కార్బన్ మిశ్రమ కవచం ఇక్కడే రూపొందింది.

నిమ్స్ కాలిపర్లు

పంజాగుట్టలోని నిమ్స్‌కు చెందిన ఒక ఎముకల వైద్యుడు ప్రయోగశాలకు వచ్చి, ఈ పదార్థం ఎంత తేలికో గమనించారు. ఆయన కలామ్‌ను ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. అక్కడ బాలబాలికలు మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లను ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాలలో సుమారు 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. నారలు తాము సాగిన దిశలోనే అధిక బలాన్నిస్తాయి. కాబట్టి నడకలో భారం పడే దిశను బట్టి వాటిని అమర్చాలి. పదేపదే వంగినా పొరలు విడిపోకూడదు. రాకెట్ భాగానికీ కాలిపరుకూ ఈ నియమం ఒక్కటే. ఆ పిల్లలు తేలికగా నడవడం తన జీవితంలోని గొప్ప ఆనందాలలో ఒకటని కలామ్ చెప్పుకున్నారు.

మరణం

కలామ్ 1997లో భారతరత్న పురస్కారం అందుకున్నారు. 2015 జూలై 27న షిల్లాంగులో విద్యార్థులకు ఉపన్యసిస్తూ కుప్పకూలి మరణించారు. ఆయన అంత్యక్రియలు రామేశ్వరంలో జరిగాయి.