కూలోళ్లంతా ఒకటే: సుందరయ్య బాట
వనస్థలిపురం దాటి నల్గొండ వైపు పోతే, నాట్ల రోజుల్లో బీహారు, బెంగాలు కూలీలు మడుల్లో కనబడతారు. వాళ్లొచ్చి మన కూలి తెగ్గొడుతున్నారని మనోళ్ల గొణుగుడు. ఈ చిక్కుకు దారి కామ్రేడ్ పుచ్చలపల్లి సుందరయ్య బతుకులోనే ఉంది.

ఆయన 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వాముల ఇంట పుట్టారు. 1930లో చదువొదిలి ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. తిరిగొచ్చి, సొంతూళ్లోనే వ్యవసాయ కూలీలను సంఘంగా కూడగట్టారు. తన పేరులో కులం తోక తీసేశారు. ఆస్తి పార్టీకిచ్చారు. తెలంగాణ సాయుధ పోరాట నాయకుల్లో ఒకరయ్యారు. పార్లమెంటుకు సైకిలుమీదే వెళ్లారు. 1985 మే 19న కన్నుమూశారు.

కులం గీతనే దాటిన మనిషి బాటలో నడిచేవాళ్లం, రాష్ట్రం గీత దాటలేమా? కూలి తెగ్గొట్టేది పొరుగు కూలీ కాదు, మధ్యన కమీషను తినే మేస్త్రీ, చౌకగా వస్తే చాలనుకునే ఆసామీ. ఎవరొచ్చినా ఒకే పనికి ఒకే కూలి అడుగుదాం. తలదాచుకునే చోటు, తాగే నీళ్లు చూపిద్దాం. సంఘంలో చేర్చుకుందాం.