చావాలనుకున్న ఆ పిల్లాడి పేరే.. ఇవాళ మన ఎంజీఎంకు!

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి.. పురుగుల మందు తాగినవాళ్లు, మాత్రలు మింగినవాళ్ల పరిస్థితి విషమిస్తే చాలామందిని తీసుకొచ్చేది వరంగల్ ఎంజీఎంకే. ఆ ఆస్పత్రికి పేరైన మహాత్మా గాంధీ కూడా చిన్నప్పుడు ఓసారి ప్రాణం తీసుకోబోయారు.

1869 అక్టోబర్ 2న పోర్‌బందర్‌లో పుట్టారు గాంధీ. చిన్నతనంలో ఓ బంధువుతో కలిసి దొంగచాటుగా సిగరెట్లు తాగేవారు. పెద్దలు ఒప్పుకోనిదే ఏదీ చేయలేకపోతున్నామన్న ఉక్రోషంతో ఇద్దరూ చనిపోదామనుకున్నారు. విషపు గింజలు కొన్ని మింగారు కూడా. అంతలోనే భయమేసింది. గుడికెళ్లి మనసు కుదుటపరచుకున్నారు. చావు ఆలోచన పోయింది.. దాంతోపాటే సిగరెట్లు, వాటి కోసం చేసే చిల్లర దొంగతనాలూ పోయాయి. ఇదంతా దాచకుండా తన ఆత్మకథలో రాసుకున్నారు.

1891లో బారిస్టర్ అయ్యారు. 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం వస్తే, దాదాపు 1,100 మంది భారతీయుల అంబులెన్స్ దళంతో కలిసి గాయపడ్డవాళ్లను స్ట్రెచర్లపై మోశారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం చేశారు. 1948 జనవరి 30న హత్యకు గురయ్యారు. చిన్నప్పుడు ఆ రోజు ప్రాణం పోయుంటే ఇవేవీ లేవు!

బతికితే ఆ గడియ దాటిపోతుంది. ఆ గడియ దాటించడమే ఎమర్జెన్సీ వార్డు పని. ఇంట్లో ఎవరైనా విషం మింగితే వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్లు తాగించొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. మందు డబ్బా, మాత్రల షీటు ఆస్పత్రికి తీసుకెళ్లండి. కేసవుతుందని ఆగొద్దు.. 2017 మానసిక ఆరోగ్య చట్టం వాళ్లను తీవ్ర ఒత్తిడిలో ఉన్న మనుషులుగానే చూస్తుంది. మనసు బాగోలేకపోతే టెలిమానస్ 14416కి ఫోన్ చేసి మాట్లాడండి.