సమాధి లేని సెఖోన్

షాదీపూర్ అనగానే ఢిల్లీవాసులకు బస్సు డిపో స్ఫురిస్తుంది. అదే పేరు గల పేట పోర్టుబ్లెయిరులోనూ ఉన్నదనీ, శ్రీకాకుళం ప్రాంతం నుండి వలస వెళ్ళిన తెలుగువారు ఆ పట్టణంలో ఎందరో స్థిరపడ్డారనీ రాజధానిలో ఎరిగినవారు తక్కువ. 2024లో కేంద్రం ఆ పట్టణానికి శ్రీ విజయపురమని పేరు మార్చింది. అంతకు ముందటి సంవత్సరం జనవరి 23న, పేర్లు లేని 21 అండమాన్ దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టింది. పేర్లు మార్చడం ఢిల్లీకి ఎడతెగని వ్యాపకమే గాని, వాటిలో ఒక పేరు వద్ద కొంత ఆగవలసి ఉన్నది. ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ దేహం నేటికీ దొరకలేదు.

లూధియానా జిల్లా ఇసేవాల్ ఆయన స్వగ్రామం. తండ్రి తర్లోక్ సింగ్ కూడా వైమానిక దళంలో పనిచేసినవారే. 1967 జూన్‌లో కమిషన్ పొందిన సెఖోన్, 18వ స్క్వాడ్రన్‌లో నాట్ అనే చిన్న యుద్ధవిమానాన్ని నడిపారు. 1971 యుద్ధం నాటికి ఆయనకు వివాహమై కొద్ది నెలలే అయింది.

1948 నాటి అంతర్జాతీయ ఒప్పందం మేరకు శ్రీనగర్‌లో రక్షణ విమానాలను నిలిపేవారు కారు. యుద్ధం ఆరంభమయ్యాకనే నాట్‌లు అక్కడికి చేరాయి. ఆ ఎత్తు, ఆ కొండలు, కొరికే చలిగాలి సెఖోన్‌కు కొత్త. డిసెంబరు 14న పెషావర్ నుండి ఆరు సేబర్ విమానాలు వచ్చిపడ్డాయి. రన్‌వేపై బాంబులు పడుతుండగానే, తన నాయకుని విమానం వెంట ఆయన పైకి లేచారు. ధూళిలో, పొగలో ఇద్దరూ విడిపోయారు. మిగిలినది ఒంటరి పోరు. చెట్ల ఎత్తున సాగిన ఆ పోరులో రెండు సేబర్లు దెబ్బతిన్నాయని మన ప్రభుత్వ ప్రశంసాపత్రం చెబుతున్నది. పాకిస్తాన్ పక్షపు కథనాలు వేరు. చివరకు ఆయన విమానం కూలింది. మరి రెండు రోజులకే ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయింది.

విమాన శకలాలు ఒక లోయలో దొరికాయి. సేనలు పలుమార్లు గాలించినా దేహం జాడ తెలియలేదు. శకలాలు దొరికినందున మరణం విషయంలో ప్రభుత్వానికి సందేహం లేకపోయింది. మరణానంతరం పరమవీర చక్ర ప్రకటించారు. వైమానిక దళంలో ఆ పతకం పొందినది ఆయన ఒక్కరే. 1985లో ఒక చమురు నౌకకూ ఆయన పేరు పెట్టారు. ఇండియా గేట్ చెంత జాతీయ యుద్ధ స్మారకంలో ఆయన అర్ధవిగ్రహం ఉన్నది.

శకలాలైనా దొరకనివారి మాట వేరు. 1965, 1971 యుద్ధాలలో అదృశ్యమైన 54 మంది మన సైనికులు, వైమానికులు పాకిస్తాన్ జైళ్ళలో ఉన్నారని కుటుంబాలు నమ్మాయి. ఆ దేశం లేదన్నది. సిమ్లా ఒప్పందం అనంతరం 90 వేలకు పైబడిన బందీలను అప్పగించిన ఢిల్లీ, ఈ కొద్దిమంది లెక్క తేలేవరకు పట్టుపట్టకపోవడం ఉదారత అనిపించుకోదు. 1983లో, తిరిగి 2007లో బంధువులను అక్కడి జైళ్ళు చూడనిచ్చారు. రెండుసార్లూ తమవారు ఒక్కరైనా కంటబడకుండానే వారు తిరిగివచ్చారు.